కృష్ణా డెల్టా: ఎన్నికలు, సంపద, ఠాణా మీద పట్టు

విజయవాడ, మచిలీపట్నం, గుడివాడ, తెనాలి పట్టణాలూ, వాటి చుట్టూ కృష్ణ కాలవల కింద పండే పల్లెలూ కలిసిన ప్రాంతం కృష్ణా డెల్టా. ఇక్కడి ఓటరు వార్డు మెంబరు మొదలుకొని పార్లమెంటు సభ్యుడి దాకా ఎందరినో ఎన్నుకుంటాడు. కేసు కట్టే అధికారం, అరెస్టు చేసే అధికారం ఉన్న మనిషిని మాత్రం ఎన్నుకోడు. ఎస్సై, సీఐ, డీఎస్పీ, ఎస్పీ, 1983 నుంచి విజయవాడలో ఉన్న పోలీసు కమిషనరు, అందరూ ప్రభుత్వం నియమించేవారే. అమెరికాలో ఇందుకు భిన్నమైన పద్ధతి ఉంది. అక్కడ మూడు వేలకు పైగా కౌంటీల్లో షెరీఫ్‌ను జనమే ఓటేసి గెలిపిస్తారు. జైలు, గస్తీ, కోర్టు వారంట్ల అమలు ఆయన చేతిలో ఉంటాయి. డాలస్ పరిసరాల్లోని కాలిన్, డెంటన్ కౌంటీల్లో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న డెల్టా కుటుంబాలవారు ఆ ఎన్నికలో ఓటేస్తారు. సొంత ఊళ్ళో ఉన్నప్పుడు వాళ్ళకు అలాంటి ఓటు లేదు.

భారతదేశంలో షెరీఫ్ అనే పదవి ముంబై, కోల్‌కతా నగరాలకే పరిమితమై, అలంకారప్రాయమైన గౌరవ పదవిగా మిగిలింది. డెల్టాలో దానికి దగ్గరగా వచ్చే పాత పదవి గ్రామ మునసబుది. ఈనాటి పరిస్థితిలో దగ్గరగా వచ్చేది ఎమ్మెల్యేకు స్టేషను మీద ఉన్న పట్టు. చట్టంలో ఎక్కడా కనిపించకపోయినా ఆ పట్టు సంగతి ఊరందరికీ తెలుసు. మునసబు నుంచి ఎమ్మెల్యే దాకా ఈ రెండు వందల ఏళ్ళలో అధికారం చేతులు మారిన ప్రతిసారీ డబ్బున్నవాళ్ళు దానికి దగ్గరగానే ఉన్నారు. అయితే ఏ డబ్బు, ఎవరి డబ్బు, ఎంత డబ్బు అన్నది మాత్రం ఎప్పటికప్పుడు మారుతూ వచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నాటి రెగ్యులేషన్లు ఊరి పెద్దకు చిన్నపాటి సివిలు తగాదాలు తీర్చే అధికారమూ, ఊరి పోలీసు బాధ్యతా అప్పగించాయి. తిట్టుకున్నవారినీ, చిన్నగా కొట్టుకున్నవారినీ మునసబు చావడిలో కొన్ని గంటలు నిర్బంధించవచ్చు. కింది కులాలవారినైతే బొండకొయ్యలో బిగించే వీలు కూడా ఆ రెగ్యులేషనే ఇచ్చింది. ఒకే నేరానికి కులాన్ని బట్టి శిక్ష మారడం రాతపూర్వకమైన చట్టం. మునసబు చేతి కింద తలారి, వెట్టి ఉండేవారు. లెక్కలు కరణం చూసేవాడు. 1859లో జిల్లా పోలీసు చట్టం వచ్చి ఎస్పీ, ఠాణా, కానిస్టేబులు అనే కొత్త వ్యవస్థ మొదలైనా ఊళ్ళో మొదటి కబురు మునసబు ద్వారానే పోయేది. 1895 నాటి చట్టం ఈ గ్రామోద్యోగాలు వంశపారంపర్యంగా సాగడాన్ని స్థిరపరిచింది. మునసబు సాధారణంగా భూమి దండిగా ఉన్న కుటుంబం నుంచి వచ్చేవాడు. శిస్తు వసూలు చేసేదీ ఆయనే, దొంగతనం జరిగితే కబురు పంపేదీ ఆయనే, సాక్షి ఎవరో చెప్పేదీ ఆయనే.

ఈలోగా నేల స్వరూపమే మారిపోయింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కాలవ నీళ్ళు అందిన భూముల్లో వరి స్థిరపడింది, మిగులు పండింది, మిగులుతో మిల్లులు వచ్చాయి. 1888లో బెజవాడ మునిసిపాలిటీ అయింది. జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, శాసనమండలి ఒక్కొక్కటిగా ఎన్నికల దారి పట్టాయి. ఓటు మాత్రం శిస్తో, పన్నో కట్టేవారికి, కొంత చదువున్నవారికి పరిమితం. ఆస్తి ఉన్నవాడే ఓటరు కావడం వల్ల ఎన్నికలో సంపద ప్రభావం గురించి వేరే చెప్పుకోవలసిన అవసరమే ఆ రోజుల్లో లేకపోయింది. చల్లపల్లి, నూజివీడు, మీర్జాపురం వంటి ఎస్టేట్ల పేర్లు రాజకీయాల్లో ప్రముఖంగా వినిపించేవి.

ఆ కాలం ఎన్నికల మీద డెల్టా బిడ్డ ఒకాయన తీసిన సినిమా ఈ విషయంలో అపురూపమైన సాక్ష్యం. కృష్ణా జిల్లా నందమూరుకు చెందిన గూడవల్లి రామబ్రహ్మం 1939లో ‘రైతుబిడ్డ’ తీశాడు. అందులో ప్రధాన పాత్ర నర్సిరెడ్డి అనే చిన్న రైతు. ఆ వేషం కట్టింది బళ్ళారి రాఘవ. నర్సిరెడ్డి షావుకారు దగ్గర అప్పు చేస్తాడు. ఎన్నికలొస్తాయి. జమీందారు నిలబెట్టిన అభ్యర్థికి ఓటు వేయకుండా రైతుల తరఫు మనిషికి మద్దతిస్తాడు. దానికి ప్రతిఫలంగా కొట్టించుకోవడం, జప్తులు అన్నీ అనుభవిస్తాడు. అప్పు, శిస్తు, గ్రామోద్యోగి, ఓటు ఒకే తాడుకు ఎలా పేనుకుని ఉన్నాయో ఈ కథ విడమరిచి చూపించింది. వెంకటగిరి, బొబ్బిలి జమీందార్లు చిత్రాన్ని గట్టిగా వ్యతిరేకించారు. కొన్ని చోట్ల ప్రదర్శన నిలిపివేయించారు.

చిత్రం తీసిన సారథి ఫిలిమ్స్‌కు పెట్టుబడి పెట్టినవాడు మాత్రం చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. జమీందార్ల దాష్టీకాన్ని చూపే సినిమాకు ఒక జమీందారే డబ్బు పెట్టడం వింతగా కనిపించవచ్చు. సంపన్నులంతా ఒకే పక్షాన ఉండరనీ, వారి మధ్య పోటీలోంచి కొన్నిసార్లు పేదవాడి గొంతు బయటికి వస్తుందనీ ఇది గుర్తుచేస్తుంది. సినిమాకు రెండేళ్ళ ముందు, 1937 ఎన్నికల్లో, మద్రాసు ప్రధానమంత్రిగా పనిచేసిన బొబ్బిలి రాజా సొంత గడ్డ మీదే వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. పెత్తనం, ఆస్తి రెండూ ఉన్నా ఓటు చేజారవచ్చని ఆంధ్ర జిల్లాల జనం అప్పుడు చూశారు.

ఠాణా అంటే ఏమిటో డెల్టా పల్లెలకు భయంకరంగా తెలిసివచ్చింది స్వాతంత్ర్యం తర్వాత. కమ్యూనిస్టు పార్టీని అణచే క్రమంలో 1949లో మలబారు స్పెషల్ పోలీసులు కాటూరు, యలమర్రు గ్రామాలను చుట్టుముట్టి, మగవాళ్ళను బట్టలూడదీసి గాంధీ విగ్రహం దాకా నడిపించారు. ఆ అవమానాన్ని జిల్లా మరచిపోలేదు. 1952 ఎన్నికల్లో, వయోజనులందరికీ ఓటు వచ్చిన మొట్టమొదటిసారి, మద్రాసు శాసనసభకు ఆంధ్ర జిల్లాల నుంచి కాంగ్రెస్ 40 స్థానాలు గెలిస్తే కమ్యూనిస్టులు 41 గెలిచారు. విజయవాడ లోక్‌సభ స్థానానికి వారి మద్దతుతో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి గెలిచినవాడు హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడి తమ్ముడు, కవి, రంగస్థల కళాకారుడు. ఈ నేలమీద పుట్టినవాడు కాడు. ఎకరం పొలం, మిల్లు, బస్సు ఏదీ ఇక్కడ లేదు. మూడేళ్ళ తర్వాత, 1955లో, కమ్యూనిస్టులు ఆంధ్ర రాష్ట్రంలో 15 స్థానాలకు పడిపోయారు. అయినా గన్నవరంలో పుచ్చలపల్లి సుందరయ్య గెలిచాడు. వారసత్వంగా వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చేసి, సైకిలు మీద చట్టసభకు వెళ్ళిన మనిషిని డెల్టాలోని ఒక నియోజకవర్గం పదే పదే ఎన్నుకుంది. ఇక్కడి ఓటరు డబ్బుకే ఓటేస్తాడని తేలిగ్గా అనేవారు గన్నవరం పాత ఫలితాలు ఒకసారి తిరగేయాలి.

విజయవాడ ఎంపీల వరుసను చూస్తే మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. 1952లో కవి. 1957లో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ, వైద్యురాలు. 1962, 1967, 1971ల్లో కె.ఎల్. రావు, నీటిపారుదల ఇంజినీరు. 1980లోనూ 1989లోనూ చెన్నుపాటి విద్య, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమార్తె, మహిళల సేవలో ఉన్న మనిషి. 1984లో, మళ్ళీ 1991లో వడ్డే శోభనాద్రీశ్వరరావు, రైతు సమస్యల మీద మాట్లాడే నాయకుడు. 1996, 1998ల్లో పర్వతనేని ఉపేంద్ర. ఇక 2004, 2009ల్లో గెలిచింది ల్యాంకో సంస్థకు చెందిన లగడపాటి రాజగోపాల్. 2014, 2019ల్లో కేశినేని ట్రావెల్స్ అధిపతి కేశినేని శ్రీనివాస్. 2019లో ఆయన మీద దాదాపు 8,700 ఓట్ల తేడాతో ఓడినవాడు పొట్లూరి వరప్రసాద్, పారిశ్రామికవేత్త, సినీ నిర్మాత. 2024లో సొంత అన్నదమ్ములే ఎదురెదురు పార్టీల నుంచి తలపడగా తమ్ముడు కేశినేని శివనాథ్ గెలిచాడు. వీరిలో ఎవరి సమర్థతనూ ఆస్తి లెక్కతో కొలవకూడదు. ప్రశ్న మరొకటి ఉంది. కవి, డాక్టరు, ఇంజినీరు గెలిచిన స్థానంలో ఈరోజు అలాంటివారికి ఒక ప్రధాన పార్టీ టిక్కెట్టు ఇవ్వడానికి ముందు అడిగే మొదటి మాట, ఎంత పెట్టుకోగలరు అని.

ఆ డబ్బు ఎక్కడ పుట్టిందో కొంతవరకు తెలుసు. వరి మిగులుతో మొదలైన డెల్టా రైతు కుటుంబాలు రైసు మిల్లులు, సినిమా హాళ్ళు, చిత్ర నిర్మాణం, చిట్‌ఫండ్లు, లారీలు, కాంట్రాక్టుల వైపు మళ్ళిన తీరును సామాజిక శాస్త్రవేత్త కారొల్ ఉపాధ్య 1988లోనే వివరంగా రాశారు. అంతకు ఏడాది ముందు మానవ హక్కుల నేత కె. బాలగోపాల్ తెలుగుదేశం ఎదుగుదలను ప్రాంతీయ సంపన్న వర్గం కోణం నుంచి విశ్లేషించారు. విజయవాడ ఆటోనగర్, లారీ యజమానుల సంఘం, కార్పొరేటు కళాశాలలు ఈ ధారలో వచ్చినవే. ఆ తర్వాతి తరం డబ్బు హైదరాబాదు స్థిరాస్తి, రోడ్లు, విద్యుత్ ప్రాజెక్టులు, ఆ పైన అమెరికా. 2024లో గుడివాడలో గెలిచిన వెనిగండ్ల రాము, గన్నవరంలో గెలిచిన యార్లగడ్డ వెంకట్రావు ఇద్దరూ ప్రవాస నేపథ్యం ఉన్నవారే. అదే ఎన్నికలో గుంటూరు లోక్‌సభకు పోటీ చేసిన తెనాలి దగ్గరి బుర్రిపాలెం వాసి, అమెరికాలో వైద్యవిద్యా సంస్థ నెలకొల్పిన డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ కుటుంబ ఆస్తి సుమారు 5,700 కోట్ల రూపాయలని ప్రమాణపత్రంలో ప్రకటించాడు. దేశంలోనే అత్యంత సంపన్న అభ్యర్థుల్లో ఒకడిగా నిలిచి, గెలిచి, కేంద్రంలో సహాయమంత్రి అయ్యాడు.

మధ్యలో విజయవాడ నెత్తుటి దశాబ్దాలు వేరుగా చెప్పుకోవాలి. 1970ల్లో కార్మిక సంఘాలు, కాలేజీ విద్యార్థి సంఘాలు, పేటల మీద ఆధిపత్యం కోసం మొదలైన కక్షలు వరుస హత్యలకు దారితీశాయి. కమ్యూనిస్టు నేత చలసాని వెంకటరత్నం, తర్వాత వంగవీటి రాధా, దేవినేని గాంధీ, దేవినేని మురళి వాటికి బలయ్యారు. 1988 డిసెంబరు 26 తెల్లవారుజామున విజయవాడ తూర్పు ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా నిరాహారదీక్ష శిబిరంలోనే హత్యకు గురయ్యాడు. ఆ వెంటనే చెలరేగిన విధ్వంసం కోస్తా జిల్లాలంతటా పాకి, రోజుల తరబడి కర్ఫ్యూ నడిచింది. ఎన్నికైన శాసనసభ్యుడు నడిబజారులో, పోలీసుల కాపలా ఉన్న నగరంలో చనిపోయాడన్న వాస్తవం, ఠాణా ఎవరి మాట వింటుందన్న ప్రశ్నను ప్రతి ఇంటికీ తెచ్చింది. తర్వాతి ఏడాది అదే స్థానంలో ఆయన భార్య రత్నకుమారి గెలిచింది. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆనాటి పగలను సినిమాలుగా, సామాజిక మాధ్యమాల వీడియోలుగా మలిచి కీర్తించడం ఇప్పటికీ సాగుతోంది. చనిపోయినవారి కుటుంబాలు ఇంకా ఆ వీధుల్లోనే ఉండగా ఇలా కీర్తించడం బాధ కలిగించే విషయం.

మునసబు వ్యవస్థ అంతం అంతకు కొద్దికాలం ముందే జరిగింది. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టి, గుడివాడ నుంచి శాసనసభకు గెలిచిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా 1984 జనవరి 6న ఆర్డినెన్సు తెచ్చి గ్రామోద్యోగుల పదవులన్నీ ఒక్క కలం పోటుతో రద్దు చేశాడు. మునసబులు, కరణాలు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు 1985లో రద్దును సమర్థించింది. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ అధ్యక్షులను ఓటర్లు నేరుగా ఎన్నుకున్నారు. వంశపారంపర్య పెత్తనం పోయి, వెనుకబడిన కులాలవారూ మహిళలూ కుర్చీ ఎక్కే దారి తెరుచుకుంది. తెలుగు పల్లె చరిత్రలో ఇది చాలా పెద్ద సంస్కరణ. దాని విలువను తక్కువ చేయకూడదు. కానీ మునసబు చేతిలో ఉన్న శాంతిభద్రతల పని సర్పంచికి రాలేదు. అది పూర్తిగా ఠాణాకు చేరింది. ఠాణా పగ్గాలు క్రమంగా నియోజకవర్గ స్థాయికి, అంటే ఎమ్మెల్యే దగ్గరికి, ఓడిపోయిన చోట అధికార పార్టీ ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్ళాయి.

ఇది పనిచేసే తీరు పల్లెల్లో అందరూ చూస్తున్నదే. సీఐ, ఎస్సై పోస్టింగుకు ఎమ్మెల్యే సిఫారసు లేఖ కావాలి. లేఖ ఇచ్చినవారి మాట వినని అధికారి వీఆర్‌కు, అంటే పోస్టు లేని ఎదురుచూపులకు పోతాడు. పొలం గట్టు తగాదా, స్థలం ఆక్రమణ, ఇసుక లారీ, ప్రమాదం కేసు, ఏది ఎఫ్ఐఆర్‌గా నమోదవుతుంది, ఏది స్టేషను బయట పంచాయితీతో తెగిపోతుంది అన్నది ఫోను ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదాని మీద ఆధారపడుతుంది. ఎన్నికలో కోట్లు పెట్టినవారికి ఈ పట్టు చాలా విలువైన ప్రతిఫలం. దీన్ని తెంచడానికే సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశాలిచ్చింది. డీజీపీ నుంచి స్టేషను అధికారి దాకా కనీసం రెండేళ్ళ పదవీకాలం, బదిలీలకు పోలీసు అధికారులతోనే ఒక బోర్డు, ఫిర్యాదులకు స్వతంత్ర సంస్థ ఉండాలన్నది. దేశంలోని చాలా రాష్ట్రాల్లాగే ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవి కాగితం దాటి పూర్తిగా అమలు కాలేదు. ప్రభుత్వం మారిన వారాల్లోనే స్టేషన్లలో అధికారులు మారిపోవడం మామూలైపోయింది.

డెల్టాలో చట్టం, డబ్బు ఎదురుపడే చోట్లు ప్రత్యేకంగా మూడు ఉన్నాయి: కొల్లేరు, ఇసుక, సంక్రాంతి కోడిపందేల బరులు. కొల్లేరు సరస్సును 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటికే వేల ఎకరాల్లో చేపల చెరువులు తవ్వి ఉన్నాయి. కొల్లేటి వడ్డి కులస్తులు, దళితులు, చిన్న రైతుల పేరు మీద ఉన్న చెరువుల్లో చాలావాటికి బయటి పెట్టుబడిదారులే అసలు యజమానులు. 2005, 2006ల్లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ప్రభుత్వం గట్లు పేల్చి చెరువులు తొలగించింది. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానం చేసింది. పెట్టుబడి పెట్టినవారు ఇతర వ్యాపారాల్లో తేరుకున్నారు. కూలి, కౌలు మీద బతికిన కొల్లేటి లంక గ్రామాలవారికి ఆ వెసులుబాటు లేదు. ఇసుక సంగతికొస్తే, 2015 జూలైలో అక్రమ రవాణాను ఆపబోయిన ముసునూరు మహిళా తహసీల్దారు మీద దాడి జరిగింది. పొరుగు జిల్లా శాసనసభ్యుడి అనుచరుల మీద ఆరోపణలు వచ్చి రెవెన్యూ ఉద్యోగులు రాష్ట్రమంతటా ఆందోళనకు దిగారు. ఎన్నిక కాని అధికారి, ఎన్నికైన ప్రతినిధి ఎదురుపడితే ఎవరి వెనక ఎవరు నిలబడతారో ఆ ఉదంతం చూపించింది.

కోడిపందేలు చిన్న విషయంగా కనిపిస్తాయి. 1974 నాటి జూద నిరోధక చట్టం, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం రెండూ వాటిని నిషేధించాయి. హైకోర్టు 2016 డిసెంబరులో కట్టడి చేయమని ఆదేశించింది. ఏటా పండుగకు ముందు పోలీసులు హెచ్చరిక బోర్డులు పెడతారు, కత్తులు కట్టేవారిని బైండోవరు చేస్తారు. భోగినాటికి షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, గుండాట బల్లలతో బరులు సిద్ధమవుతాయి. ప్రజాప్రతినిధులు వచ్చి ప్రారంభించిన ఫొటోలు పత్రికల్లో వస్తాయి. సంప్రదాయం పేరుతో మూడు రోజులు చట్టం పక్కకు తప్పుకుంటుంది, ఆ మూడు రోజుల్లో చేతులు మారే డబ్బులో ఎంతో భాగం కౌలు రైతులది, కూలీలది, ఆటో నడిపేవారిది.

పోలీసు అధికారి ఎన్నికను జనం చేతికిస్తే ఈ సమస్య తీరుతుందా? అమెరికా షెరీఫ్ అనుభవం పూర్తి భరోసా ఇవ్వదు. అరిజోనాలోని మారికోపా కౌంటీకి 24 ఏళ్ళు షెరీఫ్‌గా ఉన్న జో ఆర్పైయో 2016 పోటీకి కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా విరాళాలు సేకరించాడు. ఆయన వలసదారుల వ్యతిరేక ప్రచారం నచ్చి ఇతర రాష్ట్రాల నుంచి కూడా డబ్బు వచ్చింది. ఆయనను ఓడించడానికీ సంపన్న దాతలు లక్షల డాలర్లు ఖర్చుపెట్టారు. 2016లో ఆయన ఓడిపోయాడు. ఒక కౌంటీ పోలీసు పదవికి దేశమంతటి ధనం వచ్చి పోటీపడిందన్నమాట. మరోవైపు ఓటరు ఆయనను పేరుపెట్టి నిలదీయగలిగాడు, దించగలిగాడు. డెల్టాలో ఠాణా మీద పట్టు పేరులేని పట్టు కాబట్టి దానిని ఓటుతో నేరుగా దించే వీలు లేదు.

ఎన్నికల ఖర్చు లెక్కల దగ్గర చట్టానికీ నిజానికీ మధ్య దూరం బాగా కనిపిస్తుంది. మొదటి సార్వత్రిక ఎన్నికలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 25,000 రూపాయలు. 2022 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అది 95 లక్షలు, శాసనసభకు 40 లక్షలు. పార్టీ తన పేరుతో పెట్టే ఖర్చుకు పరిమితి లేనే లేదు. ఒక శాసనసభ నియోజకవర్గంలో రెండు లక్షలకు పైగా ఓటర్లుంటారు. వారిలో లక్ష మందికి వెయ్యి చొప్పున కవర్లు అందాయనుకుంటే పది కోట్లు. చట్టం ఒప్పుకున్నదానికి పాతిక రెట్లు ఆ ఒక్క పద్దుకే అవుతుంది. ఇంకా ద్వితీయ శ్రేణి నాయకులకు, కుల సంఘాల పెద్దలకు, బూత్ ఏజెంట్లకు, సభలకు జనాన్ని తోలే లారీలకు, బిర్యానీకి, మందుకు విడిగా. ఢిల్లీలోని సెంటర్ ఫర్ మీడియా స్టడీస్ 2019 సార్వత్రిక ఎన్నికల మొత్తం ఖర్చును 55,000 నుంచి 60,000 కోట్లుగా, 2024ది 1.35 లక్షల కోట్లుగా అంచనా వేసింది.

పంపిణీ యంత్రాంగానికి డెల్టాలో ఒక పద్ధతి ఉంది. ఓటరు జాబితా పేజీ చొప్పున బాధ్యులుంటారు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లు, ఎవరు హైదరాబాదులో, ఎవరు బెంగళూరులో, ఎవరికి బస్సు టిక్కెట్టు పంపాలి, అంతా రాసి ఉంటుంది. పోలింగుకు ముందు రెండు రాత్రులు కీలకం. డబ్బు తీసుకున్నవారంతా ఇచ్చినవారికే వేస్తారన్న హామీ లేదు, ఇచ్చేవారికీ అది తెలుసు. ఎదుటివారు ఇస్తే మనం ఇవ్వకపోతే పోతామన్న భయం వారిని నడిపిస్తుంది. అందువల్ల రెండు పక్షాలూ పంచుతాయి, ఒకటే గెలుస్తుంది, ఖర్చు ఇద్దరికీ పడుతుంది. మా కాలనీకి అందలేదని ఓటర్లు నిలదీసిన సంఘటనలు కూడా వార్తల్లోకెక్కాయి. ఆ ఓటరును తప్పుపట్టడం సులువు. ఐదేళ్ళలో తన గడప తొక్కని నాయకుడి నుంచి తనకు కచ్చితంగా అందేది ఆ కవరు ఒక్కటేనని అనుకున్నవాడి అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పంచాయతీ స్థాయిలో డబ్బు వేరే వేషంలో వస్తుంది. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. పోటీ లేకుండా ఏకగ్రీవమైతే ఊరు కలిసి ఉన్నట్టని ప్రభుత్వాలు నగదు ప్రోత్సాహకాలు ప్రకటిస్తాయి. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగిన ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, ఐదు వేల లోపైతే 10, పది వేల లోపైతే 15, ఆ పైన 20 లక్షలు ఇస్తామంది. ఏకగ్రీవాల వెనక బెదిరింపులూ వేలాలూ ఉంటే పరిశీలించాలని అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ పట్టుబట్టాడు. రామాలయానికి లేదా చెరువు గట్టుకు ఇంత ఇస్తానన్నవారికి పదవి కట్టబెట్టే వేలం చట్టవిరుద్ధం. ఎస్సీ, బీసీ, మహిళా రిజర్వుడు స్థానాల్లో దీనికి ఇంకో ముఖం ఉంది. పెద్ద రైతు తన పాలేరునో, నమ్మకస్తురాలినో నిలబెట్టి, గెలిచాక సంతకం మాత్రమే వాళ్ళకు మిగులుస్తాడు. రిజర్వేషను ఇచ్చిన కుర్చీని డబ్బు ఇలా వెనక్కి లాక్కోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అన్యాయమైనది. ఈ ఒత్తిడిని తట్టుకుని సొంత నిర్ణయాలు తీసుకున్న మహిళా సర్పంచులూ ఉన్నారు, వారికి పత్రికల్లో దక్కే చోటు తక్కువ. మహిళలు గెలవడం పల్లెలకే పరిమితం కాదు: విజయవాడ నగరంలో 2000లో ఓటర్లు నేరుగా మేయరుగా ఎన్నుకున్న పంచుమర్తి అనురాధ అప్పటికి ఇరవైల వయసులో ఉంది.

కాలవల మీద కూడా ఎన్నికలు వచ్చాయి. 1997 చట్టంతో ఏర్పడిన నీటి సంఘాలకు రైతులే అధ్యక్షులను ఎన్నుకున్నారు. పూడికతీత, తూటికాడ తొలగింపు పనులు సంఘాల ద్వారా జరగాలన్నది మంచి ఉద్దేశం. పనుల బిల్లులు ఉన్నచోట కాంట్రాక్టరు ఆసక్తి పెరిగింది. కౌలుదారు ఎంత పొలం చేసినా చాలా చోట్ల ఓటు పట్టాదారుదే అయింది, డెల్టాలో దున్నేవారిలో అధిక భాగం కౌలుదారులే అయినప్పటికీ.

ధనం లేని రాజకీయం కోసం ప్రయత్నించినవారు ఈ గడ్డ మీద ఉన్నారు. విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా పార్టీలేని ప్రజాస్వామ్యాన్ని ప్రచారం చేశాడు. మంత్రులు ఆడంబరాలు మాని సామాన్యుల్లా బతకాలని కోరుతూ 1961, 1962ల్లో సేవాగ్రాం నుంచి ఢిల్లీ దాకా పాదయాత్ర చేశాడు. సారా కాంట్రాక్టర్ల డబ్బు రాజకీయాలను శాసిస్తున్న రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం డెల్టా పల్లెలకూ పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండో దాన్ని 1997లో సడలించారు. ఆదాయం పోయిందని ప్రభుత్వం చెప్పింది.

కంపెనీల విరాళాల సంగతి చాలాకాలం చీకట్లోనే ఉంది. 2018లో మొదలైన ఎన్నికల బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. వెనువెంటనే బయటపడిన జాబితాలో రెండో అతిపెద్ద కొనుగోలుదారు హైదరాబాదు కేంద్రంగా పనిచేసే మేఘా ఇంజినీరింగ్. 966 కోట్ల రూపాయల బాండ్లు కొన్న ఆ సంస్థను నడిపే కుటుంబం సొంతూరు డెల్టాలోని గుడ్లవల్లేరు మండలం డోకిపర్రు. సాగునీటి పథకాల వంటి ప్రభుత్వ పనులు చేసే సంస్థల నుంచి అధికారంలో ఉన్న పార్టీలకూ, ప్రతిపక్షాలకూ డబ్బు వెళ్ళిన వివరాలు దేశం మొదటిసారి తేదీలతో సహా చదివింది. అభ్యర్థి స్థాయిలో అంతకు ముందే కొంత వెలుగు వచ్చింది. 2002, 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పుల ఫలితంగా ప్రతి అభ్యర్థీ ఆస్తులు, అప్పులు, చదువు, తన మీదున్న క్రిమినల్ కేసులు ఫారం 26లో ప్రమాణపూర్వకంగా చెప్పాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో వాటిని ఎవరైనా చూడవచ్చు. డబ్బు పంచుతున్న దృశ్యాన్ని ఫోనులో తీసి సీ-విజిల్ యాప్ ద్వారా పంపితే ఫ్లయింగ్ స్క్వాడ్ రావాలి. స్క్వాడ్‌తో వచ్చేది మళ్ళీ స్థానిక పోలీసే. ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి ఫలితం వచ్చేదాకా ఆ పోలీసు ఎన్నికల సంఘం అదుపులో పనిచేస్తాడు. ఆ తర్వాత పోస్టింగు, బదిలీ మళ్ళీ రాష్ట్ర ప్రభుత్వం చేతికి, నియోజకవర్గంలో గెలిచినవారి లేఖ దగ్గరికి వెళతాయి.